మందుపాతరలు - మన కర్తవ్యము

పెదపాడు రైతు తెల్లవారుజామున చేనికి బోవునప్పుడు గట్టుమీద పామున్నదేమో యని చూచుకొనును; నేలక్రింద మందుపాతర యున్నదేమో యని చూచుకొనడు. ఇది యెంతటి భాగ్యమో మన మెరుగము. ఏలూరు కాలువకు నీరిచ్చు గోదావరియే ములుగు జిల్లా వాజేడు మండలము ప్రక్కగా ప్రవహించి వచ్చుచున్నది. అచటి గిరిజనులకు ఈ భాగ్యము లేదు. కఱ్ఱెగుట్టలపై మందుపాతరలు పెట్టితిమి, రావలదని 2025 ఏప్రిలులో మావోయిస్టులే వారిని హెచ్చరించిరి. వంటచెఱకునకును ఇప్పపూవునకును అడవికి బోక ఆ బీదలకు దినమెట్లు గడచును?

ఆ గుట్టలలో 21 దినములు సాగిన గాలింపులో 450 ప్రేలుడు సాధనములు బయల్పడినవని ప్రభుత్వము ప్రకటించినది. మే 8వ తేదీన వాజేడు ప్రాంతమున ముగ్గురు గ్రేహౌండ్సు జవానులు మందుపాతరకు బలియైరి. 2000 మార్చి 7న మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిగారిని బలిగొన్నదియు ఈ యాయుధమే. మంత్రుల మరణము చరిత్ర కెక్కును. పసులకాపరి పోగొట్టుకొన్న కాలు ఏ చరిత్రకు నెక్కదు.

దింపిన తుపాకి ఊరకుండును. మందుపాతరకు సంధి యనునది తెలియదు. మిత్రుడో శత్రువో పసిబిడ్డయో తెలియదు. ఇందువలననే మనుష్యులను జంపు మందుపాతరలను నిషేధించు ఒట్టావా ఒడంబడిక 1997లో పుట్టి, 1999 మార్చి 1న అమలులోనికి వచ్చినది. 160కి పైగా దేశములు దానిని అంగీకరించినవి, భారతదేశము చేరలేదు. దీర్ఘమైన సరిహద్దుల రక్షణకు అవి యావశ్యకమని మన ప్రభుత్వ వాదము. రష్యా భయముచే ఫిన్లండు, లిథువేనియా మొదలగు దేశములు సయితము 2025లో ఒడంబడికను వీడ నిశ్చయించినవి. ఆ వాదము తర్కింపదగినదే. కాని సరిహద్దున సైన్యము పాతినదానికి పటమును కంచెయు నుండవలెనను నియమమైనను గలదు. అడవిలోని దానికి రెండును లేవు. దాని జాడ పాతినవాని జ్ఞాపకమున మాత్రమే యుండును. వాడు చచ్చిన జాడయు వానితోనే చచ్చును.

కావున ఆయుధము విడిచి వచ్చు ప్రతివానిని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఎచ్చట పాతితివి? ఆ సమాధానముల నుండి పటము సిద్ధము చేయవలెను. శోధింపని దారిని ప్రజలకు తెఱవరాదు. కాలు గోల్పోయిన గిరిజనునకు కృత్రిమపాదమును, జీవనభృతియు జాప్యము లేక ఈయవలెను. వాజేడు ఆడుబిడ్డ పెదపాడు రైతువలె పామునకు దప్ప మఱి దేనికిని వెఱవక నడచిన నాడే ఆ యడవిలో యుద్ధము ముగిసినదని చెప్పదగును.