పరిహారం ఎవరి పేరిట?

అమెరికాలోని ఉత్తర కరోలినా పొగాకు కౌంటీలలో 2005 నుండి 2014 వరకు రైతులకు ప్రభుత్వం ద్వారా ఏటేటా పరిహారం అందింది. 1930ల నాటి కోటా విధానాన్ని 2004 చట్టం రద్దు చేసినందుకు ప్రతిఫలమది. సొమ్ము సిగరెట్ కంపెనీల నుండి వసూలు చేసినదే. పొగాకు హానికరమే, అందులో వాదం లేదు. మన ప్రశ్న పంపకం గురించి.

కోటా హక్కుదారుకు పౌనుకు 7 డాలర్లు. పంట పండించిన వానికి 3 డాలర్లు! కోటా భూమినంటి ఉండేది. బానిసత్వం నుండి విముక్తులైనవారి సంతతిలో అనేకులు తరతరాలు పరుల పొలాలలో పాలుకు సాగు చేసినవారే. వారి పేరిట కోటా ఎక్కడిది? సొంత భూమి ఉన్న నల్లజాతి రైతులకు సైతం వ్యవసాయ శాఖ రుణాలలో వివక్ష ఎదురైంది. ఆ రాష్ట్రపు రైతు టిమోతీ పిగ్‌ఫర్డ్ పేరిట నడిచిన దావా 1999లో రాజీకి వచ్చి, అర్హులలో అత్యధికులకు తలా 50,000 డాలర్లు నిర్ణయమయ్యాయి. అప్పటికే ఎందరో భూములు కోల్పోయారు.

మనకిది దూరపు కథ కాదు. తెలంగాణలో 2018 నాటి రైతుబంధు పట్టాదారుకే చేరింది, కౌలుదారుకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు పత్రమిస్తానన్నది, కాని భూయజమాని సంతకం కావాలన్నది. ఆ సంతకం ఎందరు యజమానులు పెడతారు? భూమిలేని ముస్లిం కౌలు కుటుంబాలు, దళిత కౌలుదారులతో కలిసి, ముందుగా కోరవలసినది ఆ నిబంధన రద్దునే.