నల్లగొండ అంటే ఐదు మార్కుల ప్రశ్నేనా?

బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాత వచ్చేది హైటెక్ సిటీ. ఒక్కటంటే ఒక్క స్టేషన్. ఆ ఒక్క స్టేషన్ దూరంలో మనిషి పన్ను రెండు రకాలవుతోంది. అటు దిగితే పన్ను అంటే నవ్వు. దాన్ని తెల్లగా చేస్తారు, పైన పింగాణీ రేకు అతికిస్తారు, 'స్మైల్ డిజైనింగ్' అని అద్దాల మీద రాసుకుంటారు. ఇటు సైట్-3 బస్తీలో పన్ను అంటే నొప్పి. లవంగం పెట్టు, ఉప్పునీళ్లు పుక్కిలించు, మెడికల్ షాపుల గోలీ తెచ్చుకో, దవడ వాచినంక ఒకరోజు కూలి వదులుకొని అఫ్జల్‌గంజ్ పో. రెండు చోట్లా పన్ను చూసే డాక్టర్లు చదివింది ఒకటే చదువు, బీడీఎస్. చదువు ఒకటైనప్పుడు వైద్యం రెండు రకాలెట్లయింది?

'పన్ను పీకుడు నేర్చుకునేటందుకు అయిదేండ్ల సదువా' అని మన దగ్గర ఒక ఎగతాళి ఉన్నది. ఎగతాళి చేసేటోళ్లు ఆ పుస్తకాలు ఒక్కసారి తెరిచి చూడాలె. నాలుగేండ్ల చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. మొదటి ఏడు శవం ముందు నిలబెట్టి శరీర నిర్మాణం చెప్తారు. చౌరసియా పుస్తకం ఎంబీబీఎస్ పిల్లలు చదివేదే వీళ్లూ చదువుతారు. గుండె ఎట్ల కొట్టుకుంటది, రక్తం ఎట్ల గడ్డకడతది, తిన్న తిండి ఒంట్లో ఏమైతది, ఇదంతా మొదటి ఏడే. దాంతోపాటు మైనం ముద్దను కత్తితో చెక్కి పంటి రూపం తేవాలె. దవడ పంటికి ఎన్ని మిట్టలు, ఎన్ని గాళ్లు, ఎన్ని వేర్లు అన్నది వేళ్లకు గుర్తుండేదాకా చెక్కుతనే ఉండాలె. రెండో ఏడు రోగాలు, క్రిములు, మందులు. మూడో ఏడు జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, నోటి రోగాల శాస్త్రం. చక్కెర వ్యాధి ఉన్న మనిషి పన్ను తీసే ముందు ఏం చూడాలె, గుండె జబ్బుకు రక్తం పలచబడే మందు వాడే ముసలాయనను ఏమడగాలె అన్నది తెల్వాలంటే ఈ చదువు లేకుండా కుదరదు. ఆఖరి ఏడు ఎనిమిది సబ్జెక్టులు: చిగుర్లు, పంటి వేరు, కట్టుడు పండ్లు, పిల్లల పండ్లు, వంకర పండ్లు, నోటి పరీక్ష-ఎక్స్‌రే కలిపి ఒకటి, దవడ ఆపరేషన్లు. ఎనిమిదోది ప్రజారోగ్య దంత వైద్యం. మా కొట్లాట ఈ ఎనిమిదో దానితోనే.

ఈ సబ్జెక్టులోనే ఫ్లోరైడ్ పాఠం ఉంటుంది. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో వచ్చిన మెకే అనే డాక్టరు అక్కడి జనం పండ్ల మీద గోధుమరంగు మచ్చలు చూసి ఏండ్ల తరబడి వెంటపడ్డాడనీ, 1931లో తాగేనీళ్లలోని ఫ్లోరైడ్ దానికి కారణమని తేలిందనీ, ఆ తర్వాత డీన్ అనే ఆయన మచ్చల తీవ్రతను కొలిచే పట్టిక తయారు చేసిండనీ మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అదే పాఠంలో ఇంకో ఊరి పేరు వస్తుంది. నల్లగొండ. రోగులున్న జిల్లాగా కాదు, 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుతో. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో తయారు చేసింది. కేరళలో చదివే పిల్లకూ, అస్సాంలో చదివే పిల్లగానికీ నల్లగొండ తెలుసు. ఎట్లా? 'నల్లగొండ టెక్నిక్ గురించి రాయండి' అని పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా తెలుసు!

తరాల తరబడి నడుములు వంగిపోయిన జిల్లా, కాళ్లు వంకర తిరిగిన పిల్లలను ఢిల్లీ దాకా మోసుకుపోయి చూపించిన జిల్లా, చివరికి దేశానికి మిగిలింది షార్ట్ నోట్‌గా. అది కూడా రోగం మీద కాదు, బకెట్ల పటిక కలిపే మీద.

ఇక్కడ చదువుకూ బతుకుకూ ఉన్న ముడి ఒకటి విప్పి చెప్పాలె. మొదటి ఏడు పాఠంలోనే ఎమిలోబ్లాస్ట్ అనే కణాల ముచ్చట ఉంటుంది. పంటి పైనుండే గట్టి ఎనామెల్ పొరను నేసేవి ఇవి. పన్ను చిగురులోంచి బయటికి రాకముందే పని ముగించి పోతాయి, మళ్లా రావు. విరిగిన ఎముక అతుకుతది, తెగిన తోలు మానుతది, ఎనామెల్ మాత్రం మళ్లా పుట్టదు. పసిపిల్లప్పటి నుంచి ఎనిమిదేండ్ల లోపు ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగితే ఈ కణాల పని చెడి, ఆ మచ్చ మనిషితోపాటు జీవితాంతం ఉంటుంది. అంటే మర్రిగూడ, మునుగోడు పక్క పుట్టినోడు బతుకుదెరువుకు హైదరాబాద్ వచ్చినా, మంచి నీళ్లు తాగినా, ఎనిమిదేండ్ల లోపు తాగిన నీళ్లను నోట్లో పెట్టుకొనే తిరుగుతడు. 2016లో మిషన్ భగీరథ మొదలైంది, నీళ్లొచ్చినయి, మంచిదే, కాదనం. ఆ నీళ్లు తర్వాత పుట్టిన పిల్లల పండ్లను కాపాడతాయి. ముందు పుట్టినోళ్ల పండ్లను బాగుచేయవు. మరి వాళ్లకు వైద్యం ఏది?

జిల్లా ఒడిలోనే నాగార్జునసాగర్ ఉన్నది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన ప్రాజెక్టు. కృష్ణ నీళ్లు నల్లగొండ నేల మీదుగా పైపుల్లో 2004లో హైదరాబాద్ చేరినయి. పైపు పక్కన ఊర్లల్ల బోరు నీళ్లే తాగిన్రు. ఆ పాపం ఎవరిదో మన పాఠకులకు కొత్తగా చెప్పేది లేదు.

ఉమ్మడి రాష్ట్రం లెక్క కూడా ఒక్క మాటలో చెప్పి ముందుకు పోదాం. 2014లో విడిపోయేనాటికి సర్కారు దంత కళాశాలలు మూడు: హైదరాబాద్, విజయవాడ, కడప. ఫ్లోరైడ్‌తో పండ్లు నల్లబడ్డ నల్లగొండకు రాలేదు, బీడీలు చుట్టే నిజామాబాద్‌కు రాలేదు. తెలంగాణ పది జిల్లాలకూ కలిపి 1959 నాటి అఫ్జల్‌గంజ్ కాలేజీ ఒక్కటే. పరీక్ష పేపరు, మార్కుల మెమో విజయవాడ విశ్వవిద్యాలయం నుంచే రావాలె. స్వరాష్ట్రం వచ్చినంక వరంగల్‌లో కాళోజీ పేరు మీద ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది. జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నారు, పెట్టుకుంటూ వచ్చారు. మరి పంటి చదువు మీద ఆ సోయి ఏది? 2011 సకల జనుల సమ్మెలో మేమూ ఉద్యోగులతోని, విద్యార్థులతోని కలిసి రోడ్ల మీద కూసున్నం. అప్పుడు అన్నీ వాళ్ల తప్పే అనుకున్నం. వాళ్లు పోయి పదేండ్లు దాటింది. ఇప్పుడు అడగాల్సింది మనోళ్లనే. అడిగితే తప్పు పట్టేటోళ్లు ఉద్యమం మర్చిపోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. పాఠంలో లేనిది బస్తీకి రావడం లేదంటే సరే. పాఠంలో ఉన్నది కూడా బస్తీకి వస్తలేదు. హౌస్ సర్జన్సీ ఏడాదిలో ఏ విభాగంలో ఎన్ని నెలలు పని చేయాలో నిబంధన ఉన్నది. దవడ ఆపరేషన్లకు నెలన్నర, చిగుర్లకు నెల. అన్నిటికన్నా పెద్ద వాటా దేనికో తెలుసా? ప్రజారోగ్యం, గ్రామీణ సేవకు, మూడు నెలలు. ఏడాదిలో నాలుగో వంతు! పుస్తకం రాసినోళ్లకు, నిబంధన పెట్టినోళ్లకు పన్ను ఎక్కడ నొస్తుందో తెలుసు. ఆ మూడు నెలలు నిజంగా ఎక్కడ గడుస్తున్నాయని అడిగితే మాకు కనపడేది ఒక వ్యాను, ఒక బ్యానరు, వరుసగా నిలబడ్డ బడిపిల్లలు, ఒక టూత్‌పేస్టు ట్యూబు, ఒక ఫొటో. చూసిన పంటికి వైద్యం ఉండదు, కార్డు ఇచ్చి పొమ్మంటారు. కార్డు తీసుకొని ఎక్కడికి పోవాలె?

ఇంకో రకం వ్యాను కూడా వస్తుంది. దాని సంగతి బయట ఎవరూ రాయరు, మేం రాస్తున్నాం. ఆఖరి ఏడు విద్యార్థి పరీక్షకు కూర్చోవాలంటే ఇన్ని పండ్లు తీయాలె, ఇన్ని సిమెంటు పెట్టాలె, ఇన్ని కట్టుడు సెట్లు చేయాలె అని కోటా ఉంటుంది. ప్రైవేటు కాలేజీల్లో చాలా చోట్ల రోగులే ఉండరు. అందుకని బస్తీలకు వచ్చి ముసలోళ్లను బతిమాలి, చార్జీలిచ్చి, అన్నం పెట్టించి తీసుకుపోతారు. పిల్లల తప్పు ఏమీ లేదు, వాళ్ల కష్టం వాళ్లది. పరికరాలు కొనుక్కునేది వాళ్లే, మైనం, సిమెంటు కొనుక్కునేది వాళ్లే, రోగిని వెతుక్కునేదీ వాళ్లే. మా వాడకట్టులో ఒకవ్వకు పై సెట్టు, కింద సెట్టు అట్లనే కుదిరింది. చిగురు కోసుకుపోతుంటే సరిచేయించుకుందామని వెతికితే ఆ డాక్టరమ్మ పాసై వెళ్లిపోయింది. అవ్వ ఆ సెట్టు డబ్బాలో దాచిపెట్టుకున్నది, పెండ్లిండ్లకు మాత్రం పెట్టుకుంటది. బోరబండ నోళ్లు చదువుకు పనికొస్తాయి, చదివినోళ్లు బోరబండకు పనికిరారా?

వాళ్లు రారని కాదు, రానిచ్చే దారి లేదు. బస్తీ దవాఖానలు 2018లో మొదలైనప్పుడు మేమే మెచ్చుకుంటూ రాసినం. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. ఆ లెక్కలో పంటి కుర్చీ లేదు, పంటి డాక్టరు లేడు. రాష్ట్రంలో ఏటా వెయ్యికి అటూఇటూ బీడీఎస్ సీట్లు నిండుతాయి. సర్కారు పోస్టుల నోటిఫికేషన్ ఎన్నో ఏండ్లకు ఒకసారి పడితే అవి పదుల్లో. మిగిలినోళ్లు ఏం చేయాలె? మాకు తెలిసిన ఒక బిడ్డ, ఇదే బోరబండ బిడ్డ, తండ్రి అడ్డమీద కూలి, రెండు పూటలు ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నది. జీతం ఎంతమ్మా అంటే నవ్వి ఊరుకున్నది. పొద్దంతా చేసేది పండ్లు తెల్లగా చేసుడు. "పాథాలజీల నాకు మంచి మార్కులన్నా, ఆ కండ్లతోని చూసేటి నోరు ఈడికి రాదు" అన్నది.

ఆ బిడ్డ చెప్పిన పాథాలజీ సంగతి వినండి. గుట్కా, వక్కపొడి నమిలేటోళ్లకు బుగ్గల లోపలి పొర మెల్లమెల్లగా నారలాగ గట్టిపడి నోరు తెరవరాకుండా అవుతుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు, కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. మూడో ఏడు పరీక్షలో ఖాయంగా అడిగే ప్రశ్న. పసిగట్టేందుకు మిషన్లు అక్కర్లేదు. తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకొమ్మంటే చాలు, పట్టకపోతే అనుమానించాలె. తెల్లారి ఆరింటికి మా లేబర్ అడ్డా మీద నిలబడి చూస్తే పాతికేండ్ల పోరలకు రెండు వేళ్లు పడతలేవు. కారం తగిలితే మంటని అన్నంలో పెరుగే కలుపుకుంటున్నరు. గుట్కా నిషేధం కాగితం మీద ఉన్నది, రోగం పుస్తకంలో ఉన్నది, డాక్టరు హైటెక్ సిటీలో ఉన్నది. రోగి ఒక్కడే బోరబండలో ఉన్నడు.

భాష ముచ్చట కూడా చెప్పకపోతే మా కడుపు మంట చల్లారదు. నోటి పరీక్ష పాఠంలో మొట్టమొదటి సూత్రం: రోగి బాధను రోగి మాటల్లోనే రాయాలె. ఎందుకంటే మాటలోనే రోగం ఉంటుంది. చల్లనీళ్లకు 'జివ్వుమంటది' అంటే ఒకటి. రాత్రి పండుకుంటే 'సలుపుతది' అంటే పంటి లోపలి నరం దాకా పోయినట్టు. 'కొరికితే పోటు' అంటే వేరు కొసకు చేరినట్టు. మన అవ్వలు ఇంత వివరంగా చెప్తుంటే కేసు షీట్ మీద పడేది ఇంగ్లిషులో ఒక్కటే ముక్క, 'కుడివైపు కింద వెనక పంటిలో నొప్పి'. సలుపూ పోయింది, జివ్వూ పోయింది. దేశభాషలో వైద్యం చెప్పడం కుదరదని మనకు పాఠాలు చెప్పకండి. నిజాం కాలంలో ఇదే అఫ్జల్‌గంజ్ పక్కన ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ మొత్తం ఉర్దూలో నడిచింది, దానికోసం తర్జుమా విభాగమే పెట్టుకున్నరు. ఉర్దూ మన అందరి ఇంటిభాష కాదు, ఆ సంగతి వేరే. చదువంతా తెలుగులో చెప్పమని మేం అడగడం లేదు. కేసు షీట్ మీద రోగి మాట ఒక్క వరుస రాయమంటున్నాం, తెలుగులోనో, ఉర్దూలోనో, ఆ మనిషి మాట్లాడిన తీరులో. 'పలుకుబడుల భాష' కోసం పోరాడిన కాళోజీ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయానికి ఇది చెప్పాల్సి రావడమే బాధ.

అందుకని పట్టా చేతిల పట్టుకొని తిరుగుతున్న దంత వైద్య విద్యార్థులారా, ఎంఎంటీఎస్‌లో మా పక్కనే నిలబడి పోయే ఉద్యోగులారా, మీరు అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి నాలుగు బస్తీ దవాఖానలకు ఒక పంటి కుర్చీ, ఒక బీడీఎస్ పోస్టు. హౌస్ సర్జన్ల మూడు నెలలు వ్యాన్లల్ల కాకుండా ఆ కుర్చీల దగ్గర, నల్లగొండ పల్లెల్లో. విద్యార్థి కోటా కోసం నోరు తెరిచిన మనిషికి, ఆ విద్యార్థి పాసై పోయినా, ఆ పని పూర్తయ్యేదాకా కాలేజీదే బాధ్యత అని ఒక ఉత్తర్వు. డీన్ పట్టిక బట్టీ పట్టించే కాలేజీలు ఆ పట్టిక పట్టుకొని మర్రిగూడ పెద్దోళ్ల నోళ్లు లెక్కగట్టి, ఎంతమందికి ఏం వైద్యం కావాలో సర్కారుకు ఇవ్వాలె.

ఈ ఏడు హౌస్ సర్జన్లకు గ్రామీణ, బస్తీ సేవ కింద ఏ కాలేజీ ఎవరిని ఎక్కడికి పంపిందో ఆ పోస్టింగు జాబితా బయట పెట్టండి. అందులో బోరబండ సైట్-3 ఎన్నో వరుసలో ఉన్నదో మేం చూసుకుంటాం.