హాలీ లెక్క, కల్దారు లెక్క

నార్కట్‌పల్లిలో ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన ఒకాయన కొడుకు మొన్న మా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక తోలు సంచి, ఒక నెగటివ్ పట్టీ. సంచిలోంచి వెస్టన్ మాస్టర్ 2 లైట్ మీటరు తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో పట్టే బరువైన పరికరం. వెనక తేనెతుట్టె గళ్లలాంటి గాజు కన్ను, ముందు ముల్లు, గుండ్రటి డయలు. బ్యాటరీ అక్కర్లేదు. లోపలి సెలీనియం పలక మీద వెలుగు పడితే పుట్టే కరెంటే ముల్లును కదిలిస్తుంది.

"మా బాపు మీటరు ఖరాబైంది సార్. రోలంతా పాడైంది. ఇగ దీన్ని పాత సామాన్లోళ్లకు ఇచ్చేద్దామనుకుంటున్న" అన్నాడు.

నెగటివ్ వెలుగుకు పెట్టి చూశాను. నల్గొండ ఊరంచున పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పగలంతా కదలని నీడకు పేరుపడిన గుడి. మండపంలో స్తంభానికి ఆనుకొని అబ్బాయి నాయనమ్మ కూర్చుంది. ఆమె ఉన్నచోట నెగటివ్ అద్దంలా పలచగా ఉంది. ముఖమే లేదు. "ఎనభై దాటినయి. మళ్లీ అంత దూరం తీస్కపోవాలంటే కష్టమే" అన్నాడు. రోలు ధర పోతే పోయింది, ఈ బాధ వేరు.

"ఫిల్ము స్పీడెంత?"

"400. డయల్ మీద గూడ 400కే పెట్టిన సార్."

మొదటి పొరపాటు అక్కడే దొరికింది. ఫిల్ము డబ్బా మీది 400, ఆ డయలు మీది 400 ఒకటి కావు. ఫిల్ము వేగానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేని రోజుల్లో, 1932లో, వెస్టన్ కంపెనీ సొంత అంకెలు పెట్టుకుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌ఏ 1943లో వచ్చింది. 1950ల మధ్యలో గానీ వెస్టన్ మీటర్లు దానికి మారలేదు. ఈ మీటరు అంతకు ముందుది.

మన నల్గొండ పెద్దలకు ఇలాంటి తిరకాసు కొత్త కాదు. నిజాం రాజ్యంలో చెల్లింది హాలీ సిక్కా. సరిహద్దు దాటి బెజవాడ వైపు పోతే కల్దారు. 7 హాలీ రూపాయలిస్తే 6 కల్దారు రూపాయలు. రెండూ రూపాయలే, విలువే వేరు. మారకం తెలియనివాడు సంతలో మోసపోతాడు. అలాగని హాలీ రూపాయి దొంగ రూపాయి కాదు గదా!

ఇక్కడి మారకం కూడా తేలికే. నేటి అంకెలో అయిదో వంతు తగ్గించండి. ఫిల్ము 100 అయితే వెస్టన్ డయల్ మీద 80, 200 అయితే 160, 400 అయితే 320.

డయలు మీద ఏఎస్‌ఏ అని ఉంటే మార్చే పనే లేదు. ఈనాటి ఐఎస్ఓ అంకె అదే. 1974లో ఏఎస్‌ఏనూ జర్మన్ల డిన్‌నూ కలిపి ఐఎస్ఓ చేశారు. అందుకే డబ్బా మీద 100/21° అని రెండూ కనిపిస్తాయి. డిన్‌లో 3 పెరిగితే వేగం రెట్టింపు: 21 అంటే 100, 24 అంటే 200, 27 అంటే 400. రష్యా మీటర్ల మీద గోస్ట్ అని ఉంటే 90ని 100గా, 180ని 200గా లెక్కేసుకోండి.

ఇంకో చిక్కు ఉంది. 1960లో ప్రమాణం సవరించినప్పుడు నలుపు తెలుపు ఫిల్ముల అంకెలు రెట్టింపయ్యాయి. 200 అని అమ్మిన ట్రై-ఎక్స్ 400 అయింది. ఫిల్ము మారలేదు, జాగ్రత్త కోసం ఎక్కువ వెలుగు ఇప్పించే అలవాటును తగ్గించారంతే. 1960కి ముందు పుస్తకాల్లోని ఎక్స్‌పోజరు పట్టికలు చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మీటరుకు మాత్రం ఈ సవరణతో పని లేదు.

అయితే వెస్టన్ అంకె తేడా స్టాపులో మూడో వంతే. అంతమాత్రాన ముఖం మాయం కాదు.

"మీటరు ఎక్కణ్నుంచి పట్టినవ్?"

"ఫోటో తీసిన కాడికెల్లే. ఆమె ఎనక బయట ఎండ కొడ్తుండె."

అదీ సంగతి. ఈ మీటరు కన్ను విశాలంగా చూస్తుంది. నాయనమ్మ ముఖంతో పాటు బయటి ఎండనూ కలిపి సగటు చెప్పింది. ఎండకు సరిపడా ఎక్స్‌పోజరు ఇస్తే నీడలో కూర్చున్న మనిషి చీకటే.

మరి మీటరు బతికే ఉందా? సెలీనియం పలక ఏళ్లు గడిచేకొద్దీ నీరసపడుతుంది, వెలుగును తక్కువ చేసి చెబుతుంది. మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కాం. నిండు ఎండలో ఎఫ్/16 పెడితే షట్టరు ఫిల్ము వేగానికి దగ్గరి అంకె, అంటే 400 ఫిల్ముకు సెకనులో 500వ వంతు. ముల్లు దాదాపు అదే చెప్పింది. వేపచెట్టు నీడలో, వరండాలో ఫోనులోని మీటరు యాప్‌తో సరిచూశాం. అర స్టాపు కూడా తేడా లేదు. మీ మీటరు అన్నిచోట్లా ఒక స్టాపు తక్కువ చూపిస్తుంటే డయల్ మీద రెట్టింపు అంకె పెట్టి వాడుకోవచ్చు. ఎండలో ఒకలా, నీడలో ఒకలా తప్పితే మాత్రం దాన్ని అల్మారాలో పెట్టేయండి.

రెండు వారాలకు ఒప్పించి, కారు మాట్లాడి, నాయనమ్మను మళ్లీ పానగల్లు తీసుకెళ్లాడు. ఈసారి డయలు 320 మీద పెట్టి, తన నీడ పడకుండా ఆమె ముఖం దగ్గరకు వెళ్లి కొలిచాడు. దూరం నుంచి పట్టిన దానికీ దీనికీ రెండు స్టాపుల పైనే తేడా వచ్చిందట. నిన్న ఫోటో పంపాడు. బయటి ఎండ తెల్లగా వెలిసిపోయింది. ముఖం మీద ముడతలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి మీటరుంటే ముందు డయల్ మీద ఏ లెక్క రాసుందో చూడండి. '100కి 80, 400కి 320' అని చీటీ రాసి సంచిలో పెట్టండి. పాత సామాన్ల బండి రేపు కూడా వస్తుంది, తొందరేం లేదు.