పోస్టర్లు చాలు, పుస్తకం వెయ్యండి
(దర్శకుడు ప్రశాంత్ వర్మ గారికి బహిరంగ లేఖ)



మీది పాలకొల్లు, మాది మండవల్లి. గుడివాడలో రైలెక్కితే ముందు మేము తగులుతాం. తర్వాత కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం. అక్కణ్ణించి నరసాపురం వైపు మళ్ళితే మీ ఊరు. ఒకే రైలు దారి వాళ్ళమన్న చనువుతో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నాకు స్టేషన్ దగ్గర చిన్న కొట్టుంది. నోటు పుస్తకాలు, పెన్నులు, జిరాక్సు. బడి పిల్లలే నా బేరం. ఏ బొమ్మ ఉన్న అట్ట జూన్‌లోనే అయిపోతుందో, ఏది సంక్రాంతి దాకా దుమ్ము కొట్టుకుంటుందో నాకు తెలిసినంతగా మీ పబ్లిసిటీ వాళ్ళకి కూడా తెలియదు. స్పైడర్‌మ్యాన్ అట్ట అయిపోతుంది. మీ హనుమంతు అట్ట అడిగిన పిల్లలున్నారు, ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఈ ఉత్తరానికి అసలు కారణం అదే.

'హను-మాన్' 2024 సంక్రాంతికి వచ్చింది. నేను మూడుసార్లు చూశాను. అందరూ క్లైమాక్సులో కనబడ్డ ఆంజనేయుడి గురించి చెప్పుకున్నారు గానీ నన్ను పట్టేసింది హీరో హనుమంతుకి శక్తినిచ్చే రుధిరమణి. సూర్యుడున్నంత సేపే దాని శక్తి. పొద్దు గూకితే హనుమంతు మళ్ళీ మామూలు కుర్రాడే. ఆ ఒక్క షరతు పెట్టారు చూడండి, అక్కడ కథ బతికింది. మా కొట్టు ముందు పిల్లలు నెల రోజులు దాని మీదే కొట్టుకున్నారు. మబ్బేస్తే ఎలా? గ్రహణం వస్తే? శ్రావణంలో ముసురు పడితే రాక్షసులకి పండగేనా? సమాధానం మీ దగ్గరుంది, వాళ్ళ చేతికి మాత్రం అందలేదు.

ఆ సినిమా చివర తర్వాతి భాగం 'జై హనుమాన్' 2025లో అని వేశారు. 2025 వెళ్ళిపోయింది. దాని మీద నాకు కోపం లేదు, పెద్ద పని ఆలస్యమవుతుంది. అయితే ఈలోగా మీ తర్వాతి సినిమాల పోస్టర్లు మాత్రం ఆగలేదు. 2024 దసరాకి 'మహాకాళి', దీపావళికి రిషబ్ శెట్టి గారిని హనుమంతుడిగా చూపించిన బొమ్మ, ఆ తర్వాత 'అధీర' నుంచి కొమ్ముల రాక్షసుడిగా ఎస్.జె.సూర్య గారు. మూడూ జూమ్ చేసి చూసుకున్నాను, అభిమానిని కదా. 'అధీర' సంగతి ఇప్పుడే చెప్పలేను. 'జై హనుమాన్' అంటే కొంచెం భయంగా ఉంది. దేవుడే కథానాయకుడైతే ఆయనకి గ్రహణం భయం ఏముంటుంది? అక్కడ షరతు ఏం పెడతారో చూడాలి.

'మహాకాళి' బొమ్మ మాత్రం వదల్లేదు. పులి నుదుటికి నుదురు ఆనించిన ఆ పిల్లని మా మేనకోడలు ఏడో తరగతి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద దింపేసింది. దర్శకురాలు పూజ అపర్ణ కొల్లూరు గారని చదివి, ఇంటిపేరు 'కొల్లేరు' అనుకుని, 'మామయ్యా, మన లేక్ ఆవిడే' అని వీధంతా చెప్పొచ్చింది. నేను దిద్దలేదు.

ఇక అడగాల్సింది అడుగుతాను. సూపర్‌మ్యాన్ 1938లో పది సెంట్ల పుస్తకంలో పుట్టాడు. స్పైడర్‌మ్యాన్ 1962లో పన్నెండు సెంట్ల పుస్తకంలో. వాళ్ళ మీద వందల కోట్ల సినిమాలు రావడానికి ముందు ఎన్నో ఏళ్ళు పిల్లల పక్కల కింద, బడి సంచుల్లో నలిగారు. మనం దాన్ని తలకిందులు చేశాం. ముందు సినిమా, తర్వాత టీషర్టు, కుదిరితే ఎప్పుడో బొమ్మల కథ. అది కూడా ఫోన్లో చూసేదే ఎక్కువ. 'కల్కి 2898 ఏడీ' ముందు 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ వచ్చింది, బాగానే ఉంది. కానీ చూడటానికి చందా కట్టాలి. నా కొట్లో ఇరవై రూపాయలు ఇచ్చి కొనుక్కుని, చదివి, పక్కవాడికి ఇచ్చి, వాడు తిరిగివ్వకపోతే ఏడ్చే వస్తువు కాదది.

మనకి అలవాటు లేదంటే ఒప్పుకోను. 1947 నుంచి 'చందమామ' చేసింది ఏమిటి? దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'భల్లూకమాంత్రికుడు' నెల నెలా ఊపిరి బిగబట్టించిన సూపర్‌హీరో కథలు కాక మరేమిటి? చిత్రా గారి బొమ్మలో ఆ మాంత్రికుణ్ణి చూసి మా నాన్న చిన్నప్పుడు రాత్రి పెరట్లోకి వెళ్ళేవాడు కాదట. రాసినాయన పేరు ఆ సీరియల్స్ మీద ఉండేది కాదు. ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ నాలాంటి వాళ్ళకి తెలియలేదు. మీరు పుస్తకం వేస్తే దయచేసి బొమ్మ గీసినవాళ్ళ పేరు అట్ట మీదే వెయ్యండి. అక్షరాలు దిద్దినవాళ్ళ పేరు కూడా. మాటల బుడగలో తెలుగు ఇమడ్చడం ఇంగ్లీషంత సులువు కాదు. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, రెండు వరుసల మధ్య చోటు చాలదు. హిందీకో ఇంగ్లీషుకో గీసిన బుడగల్లో మన మాటలు కుక్కితే చీమల బారులా ఉంటుంది. తెలుగు కోసమే బుడగ గియ్యండి.

మా మేనకోడలి సంగతి సగంలో వదిలేశాను. మహాకాళిని దింపడంతో ఆగలేదు. నోటు పుస్తకంలో తనే ఒక హీరోయిన్ని కనిపెట్టింది. తాటి దోనెలో తిరిగే పిల్ల, తోడుగా ఆటపాక పక్షుల కేంద్రం గూడబాతు. శత్రువు ఎవరనుకున్నారు? నీళ్ళ మీద పరుచుకునే కలుపు, గుర్రపుడెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడని ముంచి ఆ నీళ్ళు మా కొల్లేటి మీద పడ్డప్పుడు లంక ఊళ్ళ దారులు మునిగిపోయాయి. పెదఎడ్లగాడి వంతెన దగ్గర గుర్రపుడెక్క ఖానాలకి అడ్డం పడితే నీళ్ళు ఉప్పుటేరు వైపు కదలవు, సముద్రం చేరవు. ఇది మా ఊళ్ళో పాలుతాగే పిల్లకీ తెలుసు. మా మేనకోడలి కథలో ఆ డెక్క రాత్రికి రాత్రి కాళ్ళు మొలిపించుకుని వంతెన మీదకి ఎక్కుతుంది. కాళ్ళు గుర్రానివే, డెక్కలతో సహా. అది చూసి నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది.

షరతు కూడా పెట్టింది, మీ దగ్గర నేర్చుకుందే. భూమి ఎత్తును బట్టి కొల్లేటికి గీసిన ఐదో కాంటూరు హద్దు లోపలుంటేనే తన హీరోయిన్‌కి శక్తి. గట్టు దాటితే మామూలు ఆడపిల్ల. 1999లో ఐదో కాంటూరు దాకా కొల్లేరు అభయారణ్యం గీత గీసి 308 చదరపు కిలోమీటర్లు లోపలికి తెచ్చినప్పటి నుంచీ మా ప్రాంతంలో పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా కాంటూరు మాటే. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టడం చూసినవాళ్ళం. మూడో కాంటూరుకి తగ్గించమని 2008లో అసెంబ్లీ తీర్మానమే చేసింది. అందుకే కథ విన్న మా నాన్న మొదట అడిగింది, 'మూడుకి తగ్గిస్తే ఈ పిల్ల శక్తి కూడా తగ్గుతుందేమిటే?' అని. అది ఆలోచించి, 'తగ్గుతుంది తాతయ్యా, అప్పుడు గూడబాతే హీరో' అంది. మా నాన్న చేపల చెరువు లీజుకి చేసినవాడు. ఆ సాయంత్రం ఇంక మాట్లాడలేదు.

ఈ కథ మీరు తీసుకోవాలని కాదు నేను చెప్పేది. 'హను-మాన్'లో మీరు ఊహించిన అంజనాద్రి ఊళ్ళో పుట్టిన షరతు ఇక్కడ, కొల్లేటి గట్టున, కాంటూరయింది. ఇలాంటి నోటు పుస్తకాలు నరసాపురం దాకా ఎన్ని స్టేషన్ల దగ్గర ఉన్నాయో. వాటిని నింపే చేతుల్లో కొన్నయినా రేపు మీకు బొమ్మలు గీసిపెడతాయి. ముందు ఆ పిల్లలకి చదవడానికి ఒకటివ్వాలి. ముప్పై రెండు పేజీలు చాలు. మామూలు కాగితం చాలు. ఇరవై రూపాయలు దాటనివ్వకండి. యాభై కాపీలు నా కొట్టుకి పంపించండి, ముందే డబ్బు కడతాను. మిగిలితే వెనక్కి పంపను, అదీ నా పూచీ.

మేనకోడలి పుస్తకం పదకొండో పేజీలో ఉంది. గుర్రపుడెక్క వంతెన ఎక్కేసింది, గూడబాతు కనబడటం లేదు. కింద ఎర్ర పెన్నుతో 'ఇంకా ఉంది' అని రాసింది. ఎప్పుడు అని అడిగితే తేదీ చెప్పడం లేదు. అది కూడా మీ దగ్గరే నేర్చుకున్నట్టుంది.

ఇట్లు,
మండవల్లి నుంచి
మీ అభిమాని