ఫోన్‌కీ ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది!

పండగ సేల్ అనగానే ఫ్రెండ్స్ మధ్య ఒకటే రచ్చ. ఐఫోన్ తప్ప వేరేది ఫోనే కాదంటాడొకడు. అదే డబ్బుకి ఆండ్రాయిడ్‌లో రెండొస్తాయంటాడు ఇంకొకడు. కెమెరా మెగాపిక్సెల్స్, ర్యామ్, ఛార్జర్ వాట్స్ అందరికీ కంఠతా వచ్చు. ‘మరి దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి?’ అని అడిగి చూడండి. ఎవరూ మాట్లాడరు. యూపీఐ, డిజీలాకర్‌లో సర్టిఫికెట్లు, ఉద్యోగాల మెయిల్స్ అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నప్పుడు మొదట అడగాల్సింది అదే.

కంపెనీలు ఇవ్వలేక కాదు. 2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8తో గూగుల్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి సామ్‌సంగ్ కూడా అదే మాటిచ్చింది. ఆ ఏడాదే 20 వేల లోపు దొరికే గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ప్రకటించింది. కాబట్టి ‘బడ్జెట్ ఫోన్‌కి అన్నేళ్లు కుదరదు’ అనే సాకు ఇక నడవదు.

యాపిల్‌ది ఇంకో తీరు. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా సెక్యూరిటీ అప్‌డేట్ పంపింది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఇన్నేళ్లు ఇస్తామని ముందే చెప్పే అలవాటు మాత్రం లేదు. అప్‌డేట్ల గడువు ప్రకటించి తీరాలనే చట్టం 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో అమల్లోకి వచ్చాకే, ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌కి కనీసం ఐదేళ్లని రాతపూర్వకంగా చెప్పింది.

అసలు మెలిక ఇంకోటుంది. ఈ ఏళ్ల లెక్క సాధారణంగా మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది. ఒక ఫోన్ మూడేళ్ల కిందట వచ్చింది, నాలుగేళ్ల అప్‌డేట్లని చెప్పారనుకుందాం. సేల్‌లో సగం ధరకే వస్తోందని 24 నెలల ఈఎంఐలో తీసుకున్నారు. మీకు మిగిలింది ఒక్క ఏడాదే. అప్‌డేట్లు ఆగిపోయాక కూడా ఇంకో 12 వాయిదాలు కట్టాలి! భారీ డిస్కౌంట్ ఎందుకిస్తున్నారో ఒక్కోసారి ఇక్కడే తెలుస్తుంది.

ఐరోపా సమాఖ్య దీన్ని పట్టుకుంది. 2025 జూన్ 20 నుంచి అమలవుతున్న నిబంధనల్లో అప్‌డేట్ల ఐదేళ్ల లెక్క, కంపెనీ ఆ మోడల్‌ని మార్కెట్‌కి పంపడం ఆపేసిన నాటి నుంచి మొదలవుతుంది. లేటుగా కొన్నవాళ్లకీ నష్టం ఉండదు. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ ‘రిపేరబిలిటీ ఇండెక్స్’పై 2025 మేలో నివేదిక ఇచ్చింది. మార్కులిచ్చే అంశాల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లూ ఉన్నాయి. మంచి అడుగే. కాకపోతే నాకు మార్కులకన్నా తేదీ కావాలి. డబ్బాపై ఎంఆర్‌పీ, తయారైన నెల వేస్తున్నవాళ్లు అప్‌డేట్లు ఆగిపోయే నెల కూడా వేయడానికి ఎంత ఇంకు ఖర్చవుతుంది?

అప్పటిదాకా ఆ పని మనమే చేసుకోవాలి. ఫోన్ పేరుతో విడుదల తేదీ వెతకండి. కంపెనీ సైట్‌లో ఎన్నేళ్లని ఉందో చూసి కలపండి. ఆండ్రాయిడ్ వెర్షన్ అప్‌డేట్లకీ సెక్యూరిటీ అప్‌డేట్లకీ గడువులు వేరుగా ఉండొచ్చు, రెండూ చూడండి. వచ్చిన తేదీ మీ చివరి ఈఎంఐ కంటే ముందే ఉంటే ఆ ఆఫర్ వదిలేయండి. సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లయితే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూశాకే బేరం మొదలుపెట్టండి.