షాఫ్టు పనియు చమురు పనియు

మంజీర యొడ్డునగల బీర్కూరు మండలమున, 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము నీటితో వరి పండు పొలములలో, ట్రాక్టరు చేయు సేద్యపు పని దాదాపు యావత్తును దాని వెన్నుననే జరుగుచుండును. రోటవేటరైనను గొర్రైనను వెనుకనే తగిలింపబడును గనుక, డ్రైవరు చేతులు స్టీరింగుపైనను చూపు పనిముట్టుపైనను నిలిపి, మెడ త్రిప్పుకొనియే దమ్ము ముగించును. ఈ యేర్పాటు అవివేకమున బుట్టినది కాదు. 1936లో వెలువడిన ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరు లోకమునకు జూపినట్లు, వెనుక నున్న పనిముట్టు బరువును, దానిని నేల లాగు లాగును పెద్ద చక్రములపైకి మరలి వానికి పట్టు నిచ్చును.

అయినను కల్లములో ధాన్యము నెగద్రోయుటకో గట్టు చదును చేయుటకో ట్రాక్టరు ముక్కున డోజరు పలకయో లోడరో యుండవలెనను కోరిక సహజమే. మంచు దేశములలోను ఇదే కోరిక. అచ్చట వెనుక తగిలించిన మంచు విసరు యంత్రముతో దారి తీయువాడు, తన చక్రములు మంచును త్రొక్కి గట్టిపరుపకుండ రివర్సు గేరులోనే బండి నడుపవలసి వచ్చును. అందుచే కొందరు దానిని ముందుకు మార్చి హైడ్రాలిక్ మోటారుతో త్రిప్పింతురు. క్యుబెక్ వాసి ఆర్థర్ సికార్డ్ 1925లో నిర్మించిన మంచు విసరు యంత్రమునకు ధాన్యము నూర్చు యంత్రమే స్ఫూర్తి యని చెప్పుదురు గనుక, అది మన కల్లమునకు దూరపు చుట్టమే.

అయితే షాఫ్టు చేయు పనిని చమురుచే చేయించుటకు లెక్క వేరు. నలుబదియైదు హార్సుపవర్ల ట్రాక్టరు వెనుక, ఇంజను శక్తిని పనిముట్టునకు అందించు పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు తిరుగుచు సుమారు 28 కిలోవాట్ల శక్తి నీయగలదనుకొందము. అంత శక్తిని 150 బార్ల ఒత్తిడిలో చమురు మోసికొనిపోవలెనన్న నిమిషమునకు 112 లీటర్లు పారవలెను. అట్టి ట్రాక్టర్లలో లిఫ్టు కొరకు అమర్చిన పంపు సాధారణముగా నిచ్చునది ముప్పది, నలుబది లీటర్లు. అనగా పండ్రెండు హార్సుపవర్ల మాట. కావున వేరొక పెద్ద పంపును పి.టి.ఓ.కే తగిలించి, వేరు ట్యాంకు, ఫిల్టరు, కూలరు పెట్టుకొనక తప్పదు. అంత చేసినను పంపులోను మోటారులోను శక్తిలో నాల్గవ వంతు వరకు వేడిమియై వ్యర్థమగును. మంచులో గాలియే ఆ వేడిని కొంత హరించును. మన వైశాఖమునకు ఆ దయ లేదు. ఒక సౌలభ్యము మాత్ర మొప్పుకొనవలెను: ఇరుదిక్కుల దిరుగు మోటారుకు గొట్టములు తారుమారు చేసిన చాలును, తిరుగుడు దిక్కు మారిపోవును, గేరుబాక్సు విప్ప బనిలేదు.

కనుక నా యభిప్రాయము స్పష్టము. తిరుగు పనికి షాఫ్టునే యుంచవలెను, ఎత్తుటకును నెట్టుటకును చమురును ముందుకు గొనిపోవచ్చును. ఆ పని చేయు సిలిండరు ఆగి యాగి కదలునది గనుక చిన్న పంపుతోనే తృప్తిపడును. అందును దమ్ము మడిలో గాదు. సన్నని ముందు టైర్లపై లోడరు బరువు పడినచో బురదలో దిగబడును. కల్లమునను బాటపైనను వాడునపుడైనను వెనుక తగిన ప్రతిభారము లేక బకెట్టు నిండ నెత్తుట ప్రమాదకరము. సూది బెజ్జమంత చీలికనుండి వెలువడు చమురు చర్మమును చీల్చి లోపలికి జొచ్చును గనుక, గొట్టమును చేతితో తడిమి చూచు అలవాటు మానవలెను, అట్టముక్క చాలును.

వెల్డింగు దుకాణములలోని మన పనివారి చేతినైపుణ్యమున నాకు సందేహము లేదు. వారికి కొరవడినది సమాచారము. మధ్యప్రదేశములోని బుద్ని యందును, అనంతపురము జిల్లా గార్లదిన్నె యందును కేంద్ర ప్రభుత్వపు సంస్థలు వ్యవసాయ యంత్రములను పరీక్షించి నివేదికలు వెలువరించుచున్నవి; రైతు చేతికి వచ్చునది మాత్రము రంగుల కరపత్రము. పంపు నిమిషమున కెన్ని లీటర్లిచ్చును, ఎంత ఒత్తిడిలో, ముందు ఇరుసు ఎంత బరువు మోయును అను మూడు సంఖ్యలను ప్రతి ట్రాక్టరు బానెట్టుపై తెలుగులో ముద్రింపుమని వ్యవసాయశాఖ యాజ్ఞాపింపవలెను. సబ్సిడీ యిచ్చు ప్రతి యంత్రమునకును దీనిని నిబంధనగా జేర్చుట కొక్క జీవో చాలును.