ఏమి కావాలని అడిగామా?



తుపాను కబురు వినగానే మన సంఘాలలో మొదట తెరుచుకునేవి బట్టల బీరువాలు. పాత చీరలు, పిల్లలకు పొట్టి అయిపోయిన చొక్కాలు మూటలవుతాయి. స్త్రీల సమాజము వారు ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేస్తారు. యౌవనస్థులు లారీ మాట్లాడతారు. ఇది మంచి అలవాటు. దేవుడు మన హృదయాలను ఇంకా మెత్తగానే ఉంచాడనడానికి గుర్తు. అయితే ఈ నెల మన మనస్సుకు కొంచెం కష్టము కలిగించే ప్రశ్న ఒకటి వేసుకుందాము. మనము తీసుకువెళ్లేదాని గురించి దాన్ని పుచ్చుకునేవారిని ఎప్పుడైనా అడిగామా?

1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను చాలామందికి ఇంకా గుర్తే. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఇంటింటికీ జీవనాధారమైన కొబ్బరి చెట్లు తోటలకు తోటలే కూలిపోయాయి. ఆ తరువాత కొద్ది రోజులకు మేమూ ఒక లారీతో వెళ్లాము. బియ్యం, పప్పు, పాత బట్టలు తీసుకువెళ్లాము. ఒక గ్రామములో మాకు తెలిసిన పెద్దమనిషి రాసియిచ్చిన జాబితా ప్రకారము పేర్లు పిలిచి పంచాము. ఫొటో తీయించుకున్నాము. పాట పాడి, ప్రార్థన చేసి లారీ ఎక్కబోతుంటే ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చింది.

"అయ్యగారండీ, కోపం తెచ్చుకోకండి. బియ్యం ఇప్పటికి మూడు దఫాలు ఇచ్చారండి. వండుకోడానికి గిన్నె లేదండి, అన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయండి. కాలవ అవతల పేట ఉందండి. ఆళ్లకి ఒక్క గింజ అందలేదండి. ఆళ్ల పేర్లు కాగితంలో రాయలేదండి."

మా దగ్గర జవాబు లేదు. లారీ ఖాళీ అయిపోయింది. జాబితా రాసిన ఆ పెద్దమనిషి చెడ్డవాడేమీ కాడు. తన అరుగు మీద కూర్చుంటే కనిపించే ఇళ్లన్నీ రాశాడు. కాలవ అవతలి పేట ఆ అరుగు మీదికి కనిపించదు. తప్పు మాది. ఒక్క అరుగు మీద నుండి చూసి ఊరంతా చూశామనుకున్నాము. ఆ ముసలమ్మను దిగగానే అడిగి ఉంటే రెండు సంగతులూ మొదటి అయిదు నిమిషాలలోనే తెలిసేవి.

తిరిగి వచ్చాక అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము మళ్లీ తీసి చదివాము. ఎన్నోసార్లు చదివిన భాగమే. సాధారణంగా స్తెఫను కొరకే దాన్ని చదువుతాము. ఈసారి మా కళ్లు మొదటి వచనము దగ్గరే ఆగిపోయాయి. యెరూషలేము సంఘములో ప్రతిదినము ఆహారము పంచుతున్నారు. పంచేవారు పరిశుద్ధాత్మ పొందినవారే. అయినా గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రకు అందలేదు. ఎవరూ కావాలని మానలేదు. భాష వేరు, వీధి వేరు. వారు పంచేవారి కంటికి కనబడలేదు. అంటే ఆ సంఘములోనూ ఒక కాలవ ఉంది, దానికి అవతల ఒక పేట ఉంది.

అపొస్తలులు ఏమి చేశారో చూడండి. సణిగినవారిని గద్దించలేదు. పెట్టింది తినక ఈ ఫిర్యాదులేమిటని అనలేదు. శిష్యులనందరినీ సమకూర్చి, నమ్మదగిన ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. జనులు ఎన్నుకున్నారు, అపొస్తలులు చేతులుంచి ప్రార్థించారు. ఇప్పుడు ఆ ఏడు పేర్లు చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రు ఆకలితో ఉన్నారో ఆ పక్షము వారి చేతికే గరిటె ఇచ్చారన్నమాట. ఆ తరువాతనే దేవుని వాక్యము ఇంకా ప్రబలమైనదని లూకా రాశాడు. భోజనపు బల్ల దగ్గర న్యాయము జరిగాక సువార్తకు బలము పెరిగింది.

మరో సంగతి కూడా గమనించండి. క్లౌదియ కాలములో కరవు రాబోతున్నదని తెలిసినప్పుడు అంతియొకయ విశ్వాసులు యూదయకు సహాయము పంపారు. బర్నబా, సౌలు దాన్ని తీసుకువెళ్లి అక్కడి పెద్దలకు అప్పగించారు. వారే అక్కడ కూర్చుని వీధి వీధికీ పంచలేదు. తరువాత పౌలు మరొక చందా పోగుచేసినప్పుడు, తన మీద ఎవరూ నింద మోపకుండా సంఘాలు ఏర్పరచిన సహోదరుని వెంట ఉంచుకున్నాడు. ఇచ్చినవారికి లెక్క చెప్పడము మనము అక్కడ నేర్చుకున్నాము. మన సంఘాల వార్షిక నివేదికలలో రూపాయి, పైసలతో సహా లెక్క కనిపిస్తుంది. మరి పుచ్చుకున్నవారికి లెక్క చెప్పిన సంఘము ఏది? మా సంఘము చెప్పలేదు.

ఈ పాఠాన్ని లోకములోని పెద్ద పెద్ద సహాయ సంస్థలు కూడా ఆలస్యముగానే నేర్చుకున్నాయి. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమమూ ఇతర సంస్థలూ కలిసి విపత్తు సహాయానికి పది నియమాలతో ఒక ప్రవర్తనా నియమావళి రూపొందించాయి. ఆ సంస్థలలో ప్రపంచ సంఘముల మండలి, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, కారితాస్ ఉన్నాయని మనము గుర్తుంచుకోవాలి. సహాయ నిర్వహణలో సహాయము పొందేవారికే భాగము ఇవ్వాలని ఏడవ నియమము చెబుతుంది. ఇచ్చినవారికి ఎంత జవాబుదారులమో పుచ్చుకున్నవారికీ అంతే జవాబుదారులమని తొమ్మిదవది చెబుతుంది. ఏ మత, రాజకీయ పక్షాన్నీ పెంచుకోవడానికి సహాయాన్ని వాడకూడదని మూడవది. అన్నం పొట్లానికి కరపత్రము చుట్టి ఇచ్చే అలవాటు ఉన్న మనము ఈ మూడవ నియమాన్ని కొంచెం నెమ్మదిగా చదువుకోవాలి.

నియమము రాసినంత తేలిక కాదు పాటించడము. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత నాగపట్నము దారుల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. కష్టపడి సముద్రము మీద బ్రతికిన జాలరులు ఒకరు విడిచిన బట్టలు కట్టుకోవడానికి ఒప్పుకోలేదు. వారికి కావలసినది పడవ, వల. 2010 జనవరి 12 భూకంపము తరువాత హైతీ దేశములో సహాయ సంస్థల సమావేశాలు రాజధానిలోని ఐక్యరాజ్య సమితి స్థావరములో, చాలావరకు ఇంగ్లీషులో జరిగాయి. ఆ దేశ ప్రజలు మాట్లాడేది క్రియోల్. తమ దేశాన్ని ఎలా నిలబెట్టాలో మాట్లాడుకునే చోటికి ఆ దేశస్థులే గేటు దాటి వెళ్లలేకపోయారు. 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ సదస్సు సమయములో దాతలూ సంస్థలూ ఒక ఒప్పందానికి వచ్చారు. 2020 నాటికి సహాయ నిధులలో కనీసము 25 శాతము స్థానిక సంస్థలకు చేరాలన్నారు. ఆ సంవత్సరము వచ్చి వెళ్లిపోయింది గాని ఆ గురి మాత్రము అందలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు మన పెద్దలు. ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడు అంతకంటె లోకువ.

అయితే మంచి ఉదాహరణ మన పొరుగునే ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపము వచ్చింది. ఆ కుదుపు హైదరాబాదులో కూడా తెలిసింది. వినాయక నిమజ్జనము ముగించుకుని నిద్రపోతున్నవారు బరువైన రాతిగోడల కింద నలిగిపోయారు. సుమారు 10,000 మంది మరణించారు. బాగా దెబ్బతిన్న 52 గ్రామాలను వేరే చోట కొత్తగా కట్టారు. పట్నపు కాలనీలవలె వరుసగా ఇళ్లు లేచాయి. పశువులను కట్టుకోవడానికి చోటు లేదు, పొలము దూరమైంది, పాత పొరుగు చెదిరిపోయింది. చాలామంది ఆ ఇళ్లలో ఇమడలేకపోయారు.

అదే కార్యక్రమములో వెయ్యికి పైగా ఇతర గ్రామాలలో మరో పద్ధతి నడిచింది. అక్కడ ఇంటి యజమానులే తమ ఇళ్లు బాగుచేసుకున్నారు, డబ్బు విడతలుగా వారికే అందింది. స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ ద్వారా గ్రామములోని స్త్రీలనే సంవాద సహాయకులుగా నియమించారు. ఏ విడతకు ఎంత వస్తుందో, గోడ మూలలను ఎలా బలపరచాలో వారు ఇంటింటికీ చెప్పారు. ఎవరికి అందలేదో అధికారులకు చెప్పారు. అంతవరకు ఊరి సమావేశములో నోరు తెరవని స్త్రీలు సిమెంటు లెక్క అడగడము నేర్చుకున్నారు. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపము వచ్చినప్పుడు ఆ లాతూరు ప్రాంతపు స్త్రీలే కచ్ఛ్ వెళ్లి అక్కడి స్త్రీలకు తమ అనుభవము చెప్పారు. ఎనిమిదేళ్ల క్రితము శిథిలాల మధ్య చేయిచాపి నిలబడినవారు ఇప్పుడు ఇతరులకు చేయూతనిచ్చారు. మనము పంచే బియ్యం ఎన్ని బస్తాలైనా ఈ మార్పు తేలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రజలను అడగడము వేరు, ప్రజల పేరు చెప్పుకునే పెద్దలను అడగడము వేరు. 1994లో రువాండాలో జరిగిన జాతి సంహారము తరువాత లక్షలాదిమంది సరిహద్దు దాటి అప్పటి జైర్ దేశములోని గోమా శిబిరాలకు చేరారు. అక్కడ ఆహారము పంచే పని శరణార్థుల నాయకుల చేతికే అప్పగించారు. ఆ నాయకులలో హత్యాకాండ నడిపించినవారే ఉన్నారు. వారు ఆ ధాన్యముతో తమ బలగాన్ని పోషించుకున్నారు, బలహీనులు ఆకలితో ఉండిపోయారు. కాబట్టి కమిటీలో స్థానికులు ఉన్నారా అని మాత్రమే కాదు, ఎవరున్నారు, ఎవరు లేరు అని చూడాలి. కోనసీమలో మాకు జాబితా ఇచ్చిన పెద్దమనిషి కూడా స్థానికుడే కదా.

మరి మన సంఘాలు ఏమి చేయవచ్చు?

మొదటిది, లారీ కంటె ముందు మనుష్యులను పంపండి. ఇద్దరు ముగ్గురు వెళ్లి ఒక రోజు ఊరంతా తిరిగి, ఏమి కావాలో అడిగి రండి. వారిలో స్త్రీలు తప్పక ఉండాలి. ఆడవారి అవసరాలు ఆడవారితోనే చెప్పుకోగలరు.

రెండవది, పంచే కమిటీని ఆ ఊరివారినే ఎన్నుకోమనండి. అందులో ఒక విధవరాలు, ఒక కూలి మనిషి, ఊరి చివరి పేట నుండి ఒకరు, మన సంఘస్థులు కానివారు కొందరు ఉండేలా చూడండి.

మూడవది, జాబితాను అందరి ఎదుట పైకి చదవండి. ఎవరి పేరు తప్పిపోయిందో ఊరే చెబుతుంది. తరువాత దాన్ని గోడకు అంటించండి.

నాలుగవది, సణుగు వినడానికి ఒక చోటు, ఒక మనిషి ఉండాలి. ఫిర్యాదు చేసినవారి పేరు మరుసటిసారి జాబితాలోనుండి పోకూడదు.

అయిదవది, పని ముగిశాక ఒకసారి తిరిగి వెళ్లండి. ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఆ ఊరి మధ్య నిలబడి చెప్పండి. మన పొరపాటు ఉంటే ఒప్పుకోండి.

ఇలా చేస్తే ఆలస్యమవుతుంది కదా అని కొందరు అంటారు. నీటిలో చిక్కుకున్నవాడిని బయటకు లాగేటప్పుడు ఎవరూ కమిటీ వేయరు. ఆ మొదటి గంటలలో ప్రాణాలు కాపాడేది ఎలాగూ పక్కింటివారే. కానీ మన లారీ బయలుదేరేసరికి చాలాసార్లు వారము దాటుతుంది. ఆ వారములో ఒక్క రోజు అడగడానికి దొరకదా?

యెరికో దారి పక్కన కూర్చున్న బర్తిమయిని జ్ఞాపకము చేసుకుందాము. అతడు గ్రుడ్డివాడని అందరికీ కనిపిస్తూనే ఉంది. అతనికి ఏమి కావాలో ప్రభువుకు తెలియదా? అయినా అతణ్ణి పిలిపించి, నేను నీకేమి చేయాలి అని అడిగాడు. అంతవరకు అందరూ నోరు మూసుకోమన్న బిక్షకుడు మొదటిసారిగా తన కోరిక తన నోటితో చెప్పుకున్నాడు. చూపు రాకముందే అతనికి గౌరవము దొరికింది. సమస్తము ఎరిగిన ప్రభువే అడిగితే, ఏమీ తెలియని మనము అడగకుండా పంచడానికి ఎంతటివారము?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ పిల్లలతో అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములోని మొదటి ఏడు వచనాలు చదవండి. మన సంఘానికి కాలవ అవతల ఉన్న పేట ఏది, అక్కడివారి పేర్లు మనలో ఎవరికైనా తెలుసా అని మాట్లాడుకోండి. తుపాను కొరకు ఆగనక్కరలేదు. ఈ ఆదివారమే ఒకసారి కాలవ దాటి వెళ్లి రండి.

ఆ ముసలమ్మను మేము మళ్లీ చూడలేదు. మరుసటి నెల గిన్నెలు తీసుకుని ఆ ఊరు వెళ్లేసరికి ఆమె కూతురి దగ్గరకు వెళ్లిపోయిందన్నారు. కాలవ అవతలి పేటవారు మాత్రము ఉన్నారు. ఆ రోజు జాబితా వారే రాశారు.

ఇచ్చే చేతులతోపాటు వినే చెవులను కూడా ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.